టీచరమ్మ గది

మా ఆవిడ వారానికోసారి జైలుకి వెళ్ళొచ్చేది. కొత్తవాళ్ళ దగ్గర ఈ మాట అనేసి, వాళ్ళ ముఖాల్లో రంగులు మారేదాకా ఆగి, ఆ తర్వాత అసలు సంగతి చెప్పడం నాకో సరదా. ఆవిడకి మాత్రం ఒళ్ళు మండేది. "మీ సరదా మండిపోనూ! వాళ్ళు నన్ను దొంగనోట్ల కేసులో ముద్దాయిననుకుంటున్నారు" అనేది.

అసలు సంగతి ఇది. బళ్ళో లెక్కల టీచరుగా రిటైరయ్యాక ఆవిడని జైలు సందర్శకుల బృందంలో వేశారు. జీతం లేని కొలువు. చెప్పాపెట్టకుండా వెళ్ళాలి, తనకి అనుమానం వచ్చిన తలుపల్లా తీయించి చూడాలి, వార్డర్ల చెవిన పడకుండా ఖైదీలతో మాట్లాడాలి, చూసింది చూసినట్టు పైకి రాయాలి. బృందంలో ఇంకో ఇద్దరు పెద్దమనుషులు ఉన్నారు గానీ, ఫొటోలు తీసే రోజున తప్ప వాళ్ళ జాడ ఉండేది కాదు. ఆవిడ రాసి పంపేదాన్ని సిఫార్సు అంటారు. సిఫార్సంటే పాటించి తీరాలని లేదు, చదివి తీరాలని కూడా లేదు. మరుగుదొడ్డి తలుపుకి గడియ బిగించమని చేరిన కొత్తలోనే రాసింది. ఆ గడియ ఇవాళ్టికీ రాలేదు.

లోపలి పేర్లు గేటు దాటకూడదని వాళ్ళకో నియమం. మా ఆవిడ నియమమంటే నియమమే, మొగుడికి కూడా సడలింపు లేదు. కానీ చూసొచ్చిన కబుర్లు చెప్పకపోతే ఆవిడకి అన్నం అరగదు. అందుకని మనిషికో మారుపేరు పెట్టేది. నిద్రలో నవ్వేవాడు 'చంటోడు'. గరిటెడు పప్పు తక్కువైతే గొడవకి దిగేవాడు 'ఆడిటర్'. నోరు మూతపడనివాడు 'రేడియో'. ఎవడేం చేసి లోపలికి వచ్చాడని అడిగితే, "అది కోర్టు చూసుకుంటుంది. నేను కుళాయిలో నీళ్ళొస్తున్నాయా లేదా చూస్తాను" అని నా నోరు మూయించేది.

మనిషి విడుదలై బయటపడిన రోజున మాత్రం, భోజనం దగ్గర కూర్చుని, మొదటి ముద్ద కలిపి, నేనెన్నడూ వినని ఒక పేరు చెప్పేది. "ఎవరోయ్ ఈయన?" అంటే, "అదేనండీ, మన ఫలానా" అని మారుపేరు చెప్పేది. బయటికొచ్చిన మనిషికి తన పేరు తనకి తిరిగి ఇచ్చెయ్యాలట. అది నియమాల్లో ఉందో లేదో నాకు తెలీదు, ఆవిడ పెట్టుకున్న పద్ధతి. అలా పేరు విన్న రోజున ఇద్దరం ఒక ముద్ద ఎక్కువే తినేవాళ్ళం.

నాది కళ్ళజోళ్ళ దుకాణం. ఖైదీలకి కంటి పరీక్షలు చేయించి, ఆ నంబర్ల చీటీలు తెచ్చి నా మొహాన పడేసేది. ఊరికే చేసివ్వాలని వేరే చెప్పాలా? అలా రేడియో పేరు తెలీకపోయినా, ముఖం చూడకపోయినా, ఆయన చూపు నాకు బాగా తెలుసు. ఎడమ కన్ను పర్లేదు. కుడి కన్ను మహా మొండిది.

ఆ వేసవిలో ఊరి మీద అంటుజబ్బు వచ్చిపడింది. వీధులు మూతపడ్డాయి, నా దుకాణం షట్టరు కిందికి దిగింది. జైలుకి బయటివాళ్ళెవరూ రాకూడదని ఉత్తర్వు వచ్చింది. ఖైదీల ఇంటివాళ్ళతో పాటు మా ఆవిణ్ణి కూడా ఆపేశారు.

"నేను బయటిదాన్నా?" అని ఉత్తర్వు కాగితం పట్టుకుని నా మీదికి వచ్చింది.

"మరి లోపలిదానివా?" అన్నాను. మామూలుగా అయితే నవ్వేది. ఆ రోజు నవ్వలేదు.

ఆవిడ భయమేమిటో నాకూ తెలుసు. అక్కడ ఒక్కో హాల్లో పట్టాల్సిన దానికి రెండింతల మంది ఉంటారు. చాప పక్కన చాప. ఒకడు పక్కకి తిరిగితే వరసంతా తిరగాలి. వాళ్ళలో ఒకడికి అంటుకుంటే ఏమవుతుందో చెప్పడానికి లెక్కల టీచరు అక్కర్లేదు. అందుకే వెంటనే ఒక సిఫార్సు రాసింది. దగ్గు, జ్వరం ఉన్నవాళ్ళని గాలీ వెలుతురూ ఉన్న వేరే గదిలో ఉంచండి, రోజూ డాక్టరు చూసేలా ఏర్పాటు చేయండి అని. నాకు చదివి వినిపించింది కూడా. నేను ఎప్పట్లాగే, "బాగుంది, దాన్ని గడియ పక్కన పెట్టుకుంటారు" అన్నాను.

వారం తిరక్కుండా సూపరింటెండెంట్ ఫోన్ చేశాడు. మెత్తటి మనిషి, ఎవరితోనూ గొంతు పెంచడు. "మేడమ్, మీ సిఫార్సు అమల్లో పెట్టేశాం. పైవాళ్ళు కూడా చాలా మెచ్చుకున్నారు" అన్నాడు.

ఫోన్ పెట్టేసి మా ఆవిడ కుర్చీలో కూలబడింది. "విన్నారా? అమల్లో పెట్టారట" అంది, ఎవరో తన చేతిలో పసిపిల్లని పెట్టినట్టు. నాకూ సంతోషంగానే ఉంది. కానీ ఊరుకుంటే నేనెందుకవుతాను? "ఇక నిన్ను పట్టలేం తల్లీ. రేపు నాకూ సిఫార్సులు రాస్తావు, నేను అమలు చేయాలి" అన్నాను.

"మీకు రాసి రాసి చేతులు పడిపోయాయి. జైలు వాళ్ళే నయం" అంది.

లోపలికి రానివ్వకపోతే కనీసం వీడియోలో చూపించమని ఆవిడ పట్టుబట్టింది. చెవిలో జోరీగలా పోరితే ఒప్పుకున్నారు. వారానికోసారి ఒక వార్డర్ తన ఫోన్ పట్టుకుని జైలంతా తిరుగుతాడు, ఈవిడ ఇంట్లోంచి చూస్తుంది. మా ఇంట్లో సిగ్నల్ వంటగది కిటికీ దగ్గర తప్ప ఉండదు. గట్టు మీద ఫోన్ నిలబడదు. ఆవిడ చేతులు కుదురుగా ఉండవు. కాబట్టి దుకాణం లేని నాకు ఫోన్ పట్టుకునే ఉద్యోగం దొరికింది.

మొదటిసారి ఆ ఫోన్లో చాలాసేపు వార్డర్ ముఖమే కనిపించింది. కెమెరా ఎటు తిప్పాలో ఆయనకి తెలీదు. గుబురు మీసాలు, వాటి కిందికి జారిన మాస్కు. మేం అక్కడికక్కడే ఆయనకి 'సెల్ఫీ' అని పేరు పెట్టేశాం. సెల్ఫీ ముందుగా ఒక తలుపు చూపించాడు. దాని మీద కొత్త బోర్డు. 'సందర్శకుల బృందం సిఫార్సు మేరకు ఏర్పాటు చేసిన ప్రత్యేక గది.'

"అది వెనకాల రంగుల స్టోరు కదయ్యా?" అంది మా ఆవిడ.

"ఖాళీ చేయించాం మేడమ్."

"తలుపు తీసి చూపించు."

"లోపల పేషెంట్లు ఉన్నారు మేడమ్. తీయకూడదన్నారు."

"కిటికీ ఉందా?"

"ఉండే ఉంటుంది మేడమ్." ఆయన ముఖం మళ్ళీ ఫోన్ నిండా వచ్చేసింది.

మామూలు రోజుల్లో అయితే ఆ తలుపు తీసేదాకా అక్కణ్ణుంచి కదిలేది కాదు. ఒకసారి తాళం చెవి పోయిందంటే గుమ్మంలోనే చతికిలబడి కూర్చుంది, కాసేపటికి అదే దొరికింది. ఇప్పుడు వంటగదిలో కూర్చుని ఎవరిని బెదిరించాలి? సెల్ఫీ ముందుకి నడిస్తే మేమూ ముందుకి నడవాల్సిందే.

బ్యారక్‌లో అందరూ కటకటాల దగ్గరికి వచ్చి, "అంతా బాగుందమ్మా, ఏ లోటూ లేదమ్మా" అన్నారు. ఫోన్ పట్టుకున్నవాడు వార్డరైతే ఇంకేమంటారు? ఒక్క మనిషి మాత్రం మిగతావాళ్ళని తోసుకుంటూ ముందుకొచ్చాడు. తెల్ల గడ్డం, కళ్ళజోడుకి ఒక కాడ విరిగితే దారంతో చెవికి కట్టుకున్నాడు.

"నమస్కారం టీచరమ్మా! వార్తలు వినండి. సబ్బులు ఇచ్చారు, నీళ్ళు ఇవ్వలేదు. దూరం దూరంగా పడుకోమన్నారు, గోడలు జరపలేదు. నిద్రలో నవ్వే కుర్రాడికి పెళ్ళి కలలొస్తున్నాయి, ఎవరితోనో చెప్పట్లేదు. వాతావరణం వేడి. వార్తలు ఇంతటితో సమాప్తం కాదు, ఇంకా ఉన్నాయి..."

రేడియో! నేను ఫోన్ వదిలేసినంత పని చేశాను. ఇన్నేళ్ళకి ముఖం చూశాను. నేను కనిపించకపోయినా పక్కనుంచి అరిచాను, "ఆ దారమేమిటయ్యా, నా అద్దాలకి అవమానం!"

"ఓహో, కళ్ళ డాక్టరు గారా! కాడ విరిగింది సార్. కుడి అద్దం కూడా పగిలింది. అయినా ఇక్కడ చూడదగ్గవేం లేవులెండి, నష్టం లేదు" అన్నాడు. వెనకాల నలుగురు నవ్వారు. సెల్ఫీ కూడా నవ్వాడు, ఫోన్ ఊగింది.

షట్టరు సగం ఎత్తి, దొంగలా దుకాణంలో దూరి, ఆయనకి కొత్త జోడు చేశాను. డబ్బా మీద పేరు రాస్తూ మా ఆవిడ అరచెయ్యి అడ్డం పెట్టింది, పరీక్షలో పక్కవాడు కాపీ కొడతాడన్నట్టు. పైన ఇంకో కాగితం అంటించి మరీ పంపింది. డబ్బా గేటు దాకా వెళ్ళింది. బయటి వస్తువులు కొన్నాళ్ళు విడిగా ఉంచి తర్వాత లోపలికి పంపుతామన్నారు. మనుషులతో పాటు కళ్ళజోళ్ళకీ విడి గది పెట్టారన్నమాట.

తర్వాతి కాల్‌లో రేడియో ముందుకి రాలేదు. వెనక గోడకి ఆనుకుని కూర్చున్నాడు. మా ఆవిడ పిలిస్తే చెయ్యెత్తి బొటనవేలు చూపించాడు. నవ్వాడు కూడా, పెదాలు విడకుండా.

"ఏమయ్యా, ఇవాళ స్టేషన్ మూతా?" అన్నాను నేను. మళ్ళీ బొటనవేలు.

"మాస్కులు పెట్టుకోమన్నాం కదా సార్, అందుకని మాట్లాడరు" అన్నాడు సెల్ఫీ. రేడియో మాస్కు గడ్డం కింద వేలాడుతోంది. మా ఆవిడ నా వైపు చూసింది. నేను ఆవిడ వైపు చూశాను. ఇద్దరికీ ఏదో తేడాగా ఉందని అనిపించింది గానీ అదేమిటో అందలేదు.

అది అందజేసినవాడు ఆడిటర్. ఆ వారంలోనే అతనికి బెయిలొచ్చింది. మధ్యాహ్నం భోజనం దగ్గర మా ఆవిడ అతని పేరు చెప్పింది. నేను రెండోసారి వడ్డించుకున్నాను. చెయ్యి కడుక్కునే లోపే అతనే ఫోన్ చేశాడు. నడుచుకుంటూ ఇంటికి పోతున్నాడట, బండ్లు లేవు. మా ఆవిడ స్పీకర్ పెట్టింది.

"ఒక్క మాట చెబుతానమ్మా, తిట్టకండి" అన్నాడు. "లోపల ఎవరూ దగ్గట్లేదు. దగ్గొస్తే దుప్పటి నోట్లో కుక్కుకుంటున్నాం. దగ్గితే మీ గదికి తీసుకుపోతారు."

"మా గదా? మా గదేమిటి?"

"అదేనమ్మా, రంగుల స్టోరు. అందరూ టీచరమ్మ గది అంటారు. కిటికీ ఉన్నా లేనట్టే, దానికి పాత తలుపులు అడ్డం పెట్టారు. రంగుల కంపు ఇంకా పోలేదు. డాక్టరు రాడు, ఆయనకే జబ్బు చేసింది. అన్నం తలుపు కిందనుంచి తోస్తారు. అక్కడికి తీసుకెళ్ళినవాళ్ళలో ఇద్దరు తిరిగి వచ్చారు, ఇద్దరు రాలేదు. మీరు మా మంచికే రాశారని నాకు తెలుసమ్మా. అందరికీ తెలీదు."

"రేడియో?" అంది మా ఆవిడ. నియమం మర్చిపోలేదు, అప్పుడు కూడా మారుపేరే అంది. కానీ ఆ మారుపేర్లు వాళ్ళకి తెలీవు కదా. నాలుక్కరుచుకుని, "ఎప్పుడూ మాట్లాడుతూ ఉంటాడే, పెద్దాయన" అంది.

"ఆయనేనమ్మా మాకు దిగులు. నోరు తెరిస్తే దగ్గొస్తోంది. అందుకే నోరు కుట్టేసుకున్నాడు."

ఫోన్ పెట్టేశాక ఆవిడ చాలాసేపు ఎంగిలి కంచాల ముందే కూర్చుంది. ఇన్నేళ్ళలో వాళ్ళు అమలు చేసింది ఒకే ఒక్క సిఫార్సు. గడియ ఎందుకు బిగించలేదా అని ఏడ్చినదానివి, ఇప్పుడు ఇది ఎందుకు అమలు చేశారా అని ఏడవాల్సి వచ్చింది కదే అనుకున్నాను, పైకి అనలేదు.

సూపరింటెండెంట్‌కి ఫోన్ చేసింది. ఆయన అన్నీ ఓపిగ్గా విన్నాడు.

"ఆ గది మూసేయండి. నేను రాసింది గాలీ వెలుతురూ ఉన్న గది అని."

"ఉన్నవాటిలో అదొక్కటే ఖాళీగా ఉంది మేడమ్. మూసేయాలంటే ఆ గది పనికిరాదని మీ బృందం తనిఖీ చేసి రాయాలి."

"వచ్చి చేస్తాను. రేపే వస్తాను."

"తనిఖీలు రద్దులో ఉన్నాయి కదా మేడమ్."

"పోనీ ఆ బోర్డైనా తీసేయించండి బాబూ."

"పైనుంచి వచ్చిన బోర్డు మేడమ్. ఫొటో కూడా వెళ్ళిపోయింది." కాస్త ఆగి, తనే మళ్ళీ అన్నాడు. "నా మాట కూడా వినండి మేడమ్. సగం మంది స్టాఫ్ మంచాల మీదున్నారు. మా ఇంట్లో అమ్మని విడిగా పెట్టి నేను ఇక్కడే పడుకుంటున్నాను. ఎవరికి బాగా సీరియస్‌గా ఉందో మీరు ఒక్క పేరు చెప్పండి, నేరుగా పెద్దాసుపత్రికి పంపిస్తా. మాటిస్తున్నా."

ఒక్క పేరు. అదే ఆవిడ చెప్పలేనిది. ఖైదీ తన నోటితో తాను చెప్పాలి తప్ప, వాడి తరఫున వాడి పేరు అధికారుల చెవిలో వేయకూడదు. వాళ్ళ పనిలో అది మొదటి పాఠం. ఎందుకంటే పేరు చెప్పినవాడు ఇంటికి వెళ్ళిపోతాడు, పేరున్నవాడు అక్కడే ఉండాలి. "చెప్పెయ్యవే, ప్రాణం మీదికొస్తే పాఠాలేమిటి?" అని నేను అరిచాను. "చెబితే ఆసుపత్రికే పంపుతారని మీరు రాసిస్తారా?" అని ఆవిడ తిరిగి అరిచింది. రాసివ్వలేను కదా.

ఆ బోర్డు ఇప్పటికీ అక్కడే ఉంది. తీసేయమని మా ఆవిడ ప్రతి రిపోర్టులోనూ రాస్తూనే ఉంది. అది కూడా సిఫార్సే.

ఖైదీల ఇంటివాళ్ళ కోసం పెట్టిన హెల్ప్‌లైన్ ఆ రోజుల్లో మా ఆవిడ ఫోన్‌కే వచ్చేది. ఒక సాయంత్రం నేనెత్తాను. ఒకమ్మాయి. నేను హలో అనకముందే మొదలుపెట్టింది, ఊపిరి తీసుకోకుండా.

"సార్, మా నాన్నగారు అక్కడున్నారు, ములాకాతులు ఆపేశారు, ఉత్తరం రాస్తే జవాబు లేదు, ఫోన్ చేయించమంటే ఫోన్ చెడిపోయిందంటారు, నేను కుట్టుపని చేస్తానండీ, ఇప్పుడు మాస్కులే కుడుతున్నా, ఆయనకని కూడా నాలుగు కుట్టాను, లోపలికి తీసుకోలేదు, మీరు చూస్తారట కదా, వీడియోలో, ఎలా ఉన్నారో..."

నాకు నవ్వొచ్చి, మధ్యలోనే ఆరిపోయింది. ఈ పిల్ల ఎవరి బిడ్డో చెప్పడానికి పేరెందుకు? ఫోన్ తీసుకెళ్ళి మా ఆవిడకిచ్చాను.

"అమ్మా, నేను ఏ ఒక్కరి గురించీ విడిగా చెప్పకూడదమ్మా" అంది మా ఆవిడ. ఈ మాట నేను వందసార్లు విని ఉంటాను, అంత చిన్న గొంతుతో ఎప్పుడూ వినలేదు.

"ఏమీ చెప్పొద్దండీ. ఒక్కటే. మా నాన్నగారు మాట్లాడకుండా ఉండలేరు. జ్వరంలో కూడా మాట్లాడతారు. ఆయన మాట్లాడుతున్నారా లేదా, అదొక్కటి చెప్పండి."

మా ఆవిడ నోరు తెరిచింది. ఏదో ఒకటి అంటుందనుకున్నాను. అనలేదు. అబద్ధం చెప్పడం ఆ మనిషికి రాదు, నిజం చెప్పే వీల్లేదు. అటుపక్క ఆ అమ్మాయి చాలాసేపు కాచుకుంది. తర్వాత, "సరేనండీ" అని పెట్టేసింది.

మళ్ళీ వీడియో కాల్ రోజు వచ్చింది. ఈసారి సూపరింటెండెంట్ తనే సెల్ఫీ వెనకాల నిలబడ్డాడు. కాల్ ముందు మా ఆవిడ నాతో చెప్పింది, "ఆయన ఎదురుగా ఉన్నప్పుడే ఆ పెద్దాయన తన నోటితో బాగాలేదని అంటే చాలు. ఇచ్చిన మాట తప్పలేరు." నాకూ అదే దారిలా కనిపించింది. ఇంకో దారి ఏముంది?

రేడియో గోడ దగ్గరే ఉన్నాడు. కూర్చోలేదు, పడుకుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేవబోయాడు. చంటోడు వీపు కింద చెయ్యేసి లేపాడు.

"నమస్కారం పెద్దాయనా" అంది మా ఆవిడ. "చాలా రోజులైంది. ఇవాళ వార్తలు లేవా?"

ఆయన బొటనవేలు పైకెత్తబోయి ఆగాడు. ఆవిడ ముఖంలోకి, అంటే ఆ ఫోన్లోకి, పగిలిన అద్దంలోంచి చూశాడు. ఆవిడ అడుగుతోందంటే కారణం ఉంటుందనుకున్నాడేమో. నోరు తెరిచాడు.

"నమస్కారం టీచరమ్మా. వార్తలు..."

అంతే. దగ్గు తన్నుకొచ్చింది. పేగులు తెగిపోయే దగ్గు, ఆపినకొద్దీ వచ్చే దగ్గు. హాలంతా బిగుసుకుపోయింది. అప్పుడు చంటోడు దగ్గాడు. ఉత్తుత్తి దగ్గని నాకే తెలిసిపోయింది, బడి ఎగ్గొట్టే పిల్లలు దగ్గినట్టు. వాడి పక్కవాడు దగ్గాడు. ఆ పక్కవాడు. కటకటాల దగ్గరున్నవాళ్ళు, వెనక వరసలో వాళ్ళు, పడుకున్నవాళ్ళు లేచి కూర్చుని మరీ అందరూ దగ్గారు. ఎవరి దగ్గు ఎవరిదో తెలియకుండా హాలు మొత్తం దగ్గింది. ఫోన్ స్పీకర్ గరగరలాడిపోయింది. మధ్యలో రేడియో కనపడకుండా నలుగురు ముందుకొచ్చి నిలబడ్డారు.

సెల్ఫీ ఫోన్ కిందికి దించేశాడు. తన బూట్లు కనిపించాయి. "నాకేం కనపళ్ళేదు సార్" అని ఆయన అంటున్నది వినిపించింది.

"నాకు కనిపించింది" అన్నాడు సూపరింటెండెంట్, ఎప్పట్లాగే మెత్తగా. తర్వాత ఫోన్లోకి వచ్చి, "థాంక్యూ మేడమ్. నేను చూసుకుంటాను" అన్నాడు.

మర్నాడు పెద్దాసుపత్రికి పంపడానికి బండి ఉంది, వెంట వెళ్ళడానికి కాపలా పోలీసులు లేరు. పోలీసులందరినీ రోడ్ల మీద వేశారు. కాపలా దొరికేదాకా, తాత్కాలికంగా, రేడియోని టీచరమ్మ గదికి మార్చారు. తాత్కాలికంగా అన్న మాట సూపరింటెండెంట్ రెండుసార్లు అన్నాడు.

స్కూటర్ మీద ఆవిణ్ణి జైలు గేటు దగ్గరికి తీసుకెళ్ళాను. దారిలో ఆపిన ప్రతి పోలీసుకీ ఆవిడ సందర్శకుల కార్డు చూపించింది, ప్రతి ఒక్కడూ సెల్యూట్ కొట్టి వదిలాడు. జైలు గేటు దగ్గర ఆ కార్డు చెల్లలేదు. పెద్ద తలుపులో చిన్న కిటికీ తెరిచి సెల్ఫీ చూశాడు. అసలు మనిషి ఫోన్లో కన్నా చిన్నగా ఉన్నాడు.

"లోపలికి వద్దమ్మా, మీకు దండం పెడతా. నా ఉద్యోగం పోతుంది."

"ఎలా ఉన్నాడు?"

"తలుపు దగ్గర నిలబడి మాట్లాడిస్తున్నానమ్మా. మొన్నటిదాకా ఆయన వాగుతుంటే నోర్ముయ్యమనేవాణ్ణి. ఇప్పుడు నేను వాగుతున్నా, ఆయన ఊ కొడుతున్నాడు."

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఆ ఇనప తలుపు మీద గుద్ది, "మీరు మనుషులేనా? ఒక ముసలాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి ముహూర్తాలు కావాలా?" అని రంకెలు వేశాను. సెల్ఫీ మాస్కు పైకి లాక్కుని, "మా తమ్ముడు కూడా ఆసుపత్రి వరండాలోనే పోయాడు సార్, పోయిన వారం. మంచం దొరక్క" అన్నాడు. చెయ్యి నొప్పెట్టింది. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబులో పెట్టుకున్నాను.

ఆయన వెనక అల్మారాలో నా డబ్బా కనిపిస్తోంది. విడిగా ఉంచాల్సిన రోజులు దానికింకా అయినట్టు లేవు. మా ఆవిడ దాని వైపే చూసింది. సెల్ఫీ కూడా చూశాడు. అటూ ఇటూ చూసి, డబ్బా తీసి చొక్కాలో దోపుకుని కిటికీ మూసేశాడు.

గేటు ఎదురుగా, ములాకాతుకి వచ్చేవాళ్ళు కూర్చునే సిమెంటు బెంచీ ఉంది. ఆవిడ అక్కడ కూర్చుంది. గుమ్మంలో కూర్చుంటే పోయిన తాళం చెవి దొరికిందని ఇంకా నమ్మకం ఉందేమో. ఎండ నడినెత్తికి వచ్చింది, పక్కకి వాలింది. నేను సీసాలో నీళ్ళు అందిస్తే పుచ్చుకుంది. ఎవరూ రాలేదు. "పద" అంటే లేచింది.

ఆ తర్వాత రోజూ ఫోన్లు. కాపలా రేపొస్తుంది. రేపు బండి లేదు. బండి వచ్చింది, ఉత్తర్వు మీద సంతకం కావాలి. ఎవరూ కాదనలేదు, ఒక్కరూ కసురుకోలేదు. అందరూ 'తప్పకుండా మేడమ్' అన్నారు. తిట్టినా బాగుండేది, తిరిగి తిట్టేవాళ్ళం.

ఒక మధ్యాహ్నం నేను వడ్డించి పిలిచాను. ఆవిడ అప్పుడే ఫోన్ పెట్టేసి వచ్చింది. చేతులు కడుక్కుంది, కూర్చుంది, ముద్ద కలిపింది. కలిపి, నేనెన్నడూ వినని ఒక పేరు చెప్పింది.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్ళకి ఒక మంచి కబురు! "ఎవరోయ్ ఈయన?" అన్నాను, అప్పటికే గరిటె అందుకుంటూ.

"రేడియో" అంది.

"వదిలేశారా!" అన్నాను. అనేశాను. ఆ తర్వాత ఆవిడ ముఖం చూశాను.

గరిటె గిన్నెలో పెట్టేశాను. ఆవిడే, "కళ్ళజోడు అందిందటండీ. పెట్టుకున్నాడట" అంది. తర్వాత, "ఆ చీకట్లో ఏం చూశాడో" అని చెయ్యి కడిగేసుకుంది. నాకు ఏడుపొచ్చింది. ఆవిడ ముందు ఎప్పుడూ ఏడవలేదు, ఆ రోజు ఏడ్చాను.

ఆవిడ చెయ్యి తుడుచుకుని ఫోన్ తీసుకుంది. "ఆ అమ్మాయికి చేయాలి. ఇక చెప్పొచ్చు కదా" అంది. సిగ్నల్ కోసం కిటికీ దగ్గర ఫోన్ నేనే పట్టుకున్నాను.

మొదటి రింగుకే ఎత్తింది. మమ్మల్ని గుర్తుపట్టి గబగబా అందుకుంది. మాస్కులు ఇంకో నాలుగు కుట్టానండీ, ఈసారి మెత్తటి గుడ్డ, ఆయనకి గరుకు పడదు, ఎప్పుడు పంపమంటారు, గేటు దగ్గర ఇవ్వమంటారా, పోస్టులో వేయమంటారా... మా ఆవిడ ఆపలేదు. ఆ మాటలన్నీ అయ్యేదాకా వింది. తర్వాత ఆయన పేరు, పూర్తి పేరు, చివర గారు చేర్చి చెప్పింది.

అటువైపు మాటలు ఆగిపోయాయి.